మూడో కట్టు

కొత్తిండ్లు, పుత్తూరు దగ్గర
12 జనవరి 2025

నాయనకు,

హాస్టల్లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం నీకు ఉత్తరం రాసేదాన్ని. అక్కడ వార్డెనమ్మ ఫోన్లు లాక్కునేది. ఇప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది కానీ, ఈ ఇంట్లో ఫోనంటే హాల్లో స్పీకరు పెట్టి అందరూ కలిసి మాట్లాడేది. మా అత్త పంకజాక్షమ్మ కూరగాయలు తరుగుతూ మన మాటలన్నీ వింటుంది, మధ్యలో జవాబులు కూడా ఇస్తుంది. పైగా నువ్వు ఫోనులో "తిన్నావా" అని అడిగి అమ్మకిచ్చేసే రకం. నువ్వు మాట్లాడేది ఉత్తరంలోనే. అందుకని మళ్ళీ కాగితం పట్టుకున్నాను. ఒకరి ఉత్తరం ఒకరు తెరవడం మాత్రం ఈ ఇంట్లో లేదు, ఆ మర్యాద ఉంది.

ఇక అసలు సంగతి. నాకు మూడో నెల. ఇది అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క దగ్గర కొంచెం ఆగు.

తిరుపతి ఆసుపత్రికి నిర్మలమ్మ మేడం తోడు వచ్చింది. పెళ్ళై ఏడాదిన్నరైనా నా కోచ్ నన్ను ఇంకా హాస్టలు పిల్ల అనే అనుకుంటుంది. పదిహేను వందల మీటర్లు పదేళ్ళుగా పరుగెత్తుతున్నానని డాక్టరమ్మకు ఆమే చెప్పింది. డాక్టరమ్మ అన్నీ చూసి, "అలవాటున్న ఒళ్ళు. పోటీలు వద్దు, రొప్పొచ్చేంత వద్దు. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత పరుగెత్తు. రక్తం కనిపించినా, కళ్ళు తిరిగినా ఆపేసి నా దగ్గరకు రా" అంది. కదలకుండా కూర్చుంటేనే నాలాంటి వాళ్ళకు కష్టం అని కూడా చెప్పింది.

అందుకని పొద్దున్నే రైలు గేటు దాకా వెళ్ళి వస్తున్నాను, మూడు కిలోమీటర్లు, మెల్లగా. మాట్లాడుతూ పరుగెత్తమంది కదా, పక్కన మనిషి లేక నాలో నేనే ఎక్కాలు చెప్పుకుంటూ పోతున్నాను. పాలకేంద్రం దగ్గర నిలబడేవాళ్ళు మునివెంకటప్ప కోడలికి మతి చలించిందని తీర్మానించారు. ఆ మాట ఇంట్లో అత్త దాకా చేరింది. మా ఆయన బాలచంద్ర నాయుడుపేట ఫ్యాక్టరీ నుంచి ఆదివారం మాత్రమే వస్తాడు, వచ్చినప్పుడు ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళవైపు ఉంటాడు.

మామ ఏమీ అనడు. పొద్దున లేస్తే వసారా నిండా చేతులు, కాళ్ళు విరిగినవాళ్ళు. విరిగిన ఎముకలకు కట్లు కట్టడంలో పేరున్న పుత్తూరు వాళ్ళతో ఆయనకు చుట్టరికం లేదు, మేనమామ దగ్గర నేర్చుకున్న విద్య, అయినా ఈ చుట్టుపక్కల ఆయన మాటే మాట. ఆయన ఊ అంటే అత్త ఊరుకుంటుంది. నువ్వంటే ఆయనకు గురి. నన్ను మామిడి చెట్ల వరసల్లో తాడుతో దూరం కొలిచి పరుగెత్తించింది నువ్వు. "పరుగెత్తితే ఏం కాదు బావా" అని ఆయనకు ఒక్క ముక్క రాయి. నాకు ఇంకేమీ వద్దు.

నీ కూతురు,
అమల


బంగారుపాళ్యం
21 జనవరి 2025

అమ్మా అమలకు నాయన రాసేది.

ఉత్తరం అందింది. నువ్వు చెప్పిన ముక్క దగ్గర ఆగాను. మీ అమ్మ గురవమ్మ ఏడవలేదు. లేచిపోయి పొయ్యి మీద పాలు దించి, వచ్చి కూర్చుని, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. చాలా సంతోషం తల్లీ. ఇంతకంటే ఎట్లా రాయాలో నాకు తెలియదు.

ఈ ఏడు పూత దండిగా ఉంది. మంచు పడకుంటే తోతాపురి కొమ్మలు విరిగేటట్టు కాస్తుంది. కోతకు కూలీల కోసం ఇప్పటినుంచే నలుగురికి చెప్పి పెట్టాను. మేస్త్రీ పని అంటే మనుషుల్ని పట్టుకోవడమే, కాయలు వాటంతట అవే వస్తాయి.

డాక్టరమ్మ చదువుకున్న మనిషి. ఆమె మాట కాదనను. కానీ ఆమె నిన్ను ఒక పూట చూసింది, నేను ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను. పరుగు మొదలుపెడితే మధ్యలో తగ్గించడం నీకు రాదు. ఒక ఏడు మానుకుంటే పోయేదేముంది?

బావకు విడిగా రాస్తున్నాను. దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోవద్దు.

అమ్మ చింతకాయ తొక్కు పంపుతానంటోంది.

నాయన మునెయ్య


కొత్తిండ్లు
14 ఫిబ్రవరి 2025

నాయనకు,

నవ్వొద్దు. కాలు విరగ్గొట్టుకున్నాను. పరుగెత్తుతూ కాదు, పదేళ్ళలో పరుగెత్తుతూ నేను ఒక్కసారీ పడలేదు. అంట్లు తోమే బండ దగ్గర సబ్బు నీళ్ళ మీద కాలు జారి మడమ పక్కకు తిరిగింది. కింద పడలేదు, గోడ పట్టుకున్నాను, కడుపుకు ఏమీ కాలేదు. అత్త పెట్టిన కేకకు వసారాలో చెయ్యి విరిగిన ఒకాయన కూడా లేచి పరుగెత్తుకొచ్చాడు.

మామ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నా మడమను రెండు చేతుల్లో పట్టుకున్నాడు. బొటనవేలితో ఎముక పొడవునా నొక్కుకుంటూ పోయాడు. ఆయన పని చేస్తుంటే అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఇంకోసారి అట్లాగే నొక్కి చూశాడు. తర్వాత నా ముఖం చూడకుండా, "సిట్లిందమ్మా. మూడు కట్లు పడతాది" అన్నాడు. నూనె, ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. పదిహేను రోజులకొక కట్టు. అప్పటిదాకా కాలు నేల మీద పెట్టకూడదు. కడుపుతో ఉన్నదానికి ఎక్స్‌రే వద్దన్నాడు, నేనూ వద్దనే అన్నాను.

పుట్టబోయే బిడ్డను తలుచుకుంటే భయమేసింది నాయనా. నలభై అయిదు రోజులు కూర్చోవాలంటే అంతకంటే భయమేసింది. అయినా దెబ్బ దెబ్బే కదా, ఎవరిని తిట్టుకోను?

నువ్వు రాసిన ఉత్తరం మామకు అందింది. చదివి మడిచి బీరువాలో పెట్టుకున్నాడు. "మీ నాయన మంచోడమ్మా, నువ్వంటే పానం" అన్నాడు. అది రాసినందుకు నీ చేతులకు దండం. కాలు బాగయ్యాక మళ్ళీ పరుగెత్తితే అత్త ఏమీ అనదు.

మంచం మీది నుంచి,
అమల


బంగారుపాళ్యం
25 ఫిబ్రవరి 2025

అమ్మా అమలా,

కడుపుకు ఏమీ కాలేదని రాశావు, అది చాలు. నలభై అయిదు రోజులు ఎంతలో గడుస్తాయి. బావ చేతిలో ఉన్నావు, నాకు ఏ దిగులూ లేదు. ఆయన కాలు కదపొద్దంటే కదపొద్దు, అంతే.

అమ్మ వస్తానని సంచి సర్దుకుంది. నేనే ఆపాను. చిత్తూరులో బస్సు మారి, పుత్తూరులో ఆటో ఎక్కి, ఆమెకు ఆ తిరుగుడంతా ఎందుకు? నువ్వు బాగున్నావని నేను చెబితే సరిపోదా?

పిందె పడింది. మొన్న గాలికి కొంత రాలింది. చింతకాయకు బదులు ఆ రాలిన పిందెలతోనే తొక్కు చేసి పోస్టులో పంపించాం. సీసా పగలకుండా నీ పాత ట్రాక్ సూటు చుట్టి పెట్టింది మీ అమ్మ. ఎటూ ఇప్పుడు వేసుకోవు కదా.

నాయన


కొత్తిండ్లు
30 మార్చి 2025

నాయనకు,

నిన్నటితో మూడో కట్టు గడువు అయిపోయింది. పొద్దున్నే తలస్నానం చేసి, ట్రాక్ సూటు వేసుకుని కూర్చున్నాను. మామ వసారాలో ఏడుగురికి కట్లు కట్టి, ఇద్దరికి విప్పి, అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నా గది గుమ్మం దగ్గర నిలబడి, "ఇంకో నెల ఉండనీమ్మా" అని వెళ్ళిపోయాడు. విప్పి చూడనే లేదు.

ఈ గది ఎట్లా ఉంటుందో నీకు చెప్పలేదు కదా. వసారా వైపు కిటికీ ఉంది. రోజంతా అందులోంచి కట్లు కట్టడం, విప్పడం చూస్తూ కూర్చుంటాను. పోలేరమ్మ అని ఎనభై ఏళ్ళ ముసలామె మణికట్టు విరిగి నా తర్వాత వచ్చింది. మొన్న ఆమెకు కూడా విప్పేశారు. వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి చూసి, "ఇంకా ఈడనే ఉండావా బిడ్డా" అని జాలిపడింది. గదిలోంచి స్నానాల గదికి పధ్నాలుగు అడుగులు. అత్త భుజం పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వెళ్తాను. రోజులో నేను చేసే ప్రయాణం అంతే. నాకు ఊపిరి ఆడడం లేదు నాయనా. పడుకుంటే కట్టు లేని ఎడమ కాలు దానంతట అదే తన్నుకుంటుంది.

నొప్పి లేదు. మొదటి మూడు రోజుల తర్వాత ఎప్పుడూ లేదు. కట్టు మార్చినప్పుడు చూశాను, వాపు లేదు, నలుపు లేదు. ఆ మాట చెబితే మామ విననట్టే ఉంటాడు.

మా ఊరి ఆశా కార్యకర్త ఎస్తేరు వారం కిందట వేలు గుచ్చి షుగర్ చూసింది. ఎక్కువ వచ్చింది. తిరుపతి డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, తిన్న ప్రతిసారీ నడవమందట. కాలికి తీసే ఎక్స్‌రేతో బిడ్డకు ప్రమాదం లేదని కూడా చెప్పిందట. అత్త మాత్రం, "మీ మామ చెయ్యి కంటే ఎక్స్‌రే పెద్దదా" అని ఎస్తేరుకు కాఫీ ఇచ్చి పంపించింది. స్కానింగుకు బాలచంద్ర ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. అక్కడి డాక్టరు కట్టు చూసి ఎవరు కట్టారని అడిగాడు. మామ పేరు చెప్పగానే తలూపి ఇక అడగలేదు. ఈయన పేరు చెబితే ఎవరూ ఏమీ అడగరు, అదే వచ్చింది తంటా. బాలచంద్రతో అంటే, "నాయనకు తెలీదా అమలా" అంటాడు.

నువ్వొక్కసారి రా. వచ్చి మామతో మాట్లాడు. నా మడమ నువ్వే పట్టుకుని చూడు. చిన్నప్పుడు తోటలో నా కాళ్ళు పట్టి చూసి, ఏ కండరం పట్టేసిందో నేను చెప్పకముందే చెప్పేవాడివి.

ఎదురుచూస్తూ,
అమల


బంగారుపాళ్యం
9 ఏప్రిల్ 2025

అమ్మా అమలా,

షుగర్ సంగతి చదివి మీ అమ్మ దిగులు పడింది. తీపి మానెయ్యి. రాగిసంగటి తిను, అన్నం తగ్గించు. నొప్పి లేదంటే కట్టు బాగా పట్టిందనే కదా అర్థం. దానికి ఎందుకు కోపం తెచ్చుకుంటావు?

నాకు ఇప్పుడు కదలడానికి లేదు. కాయ ఊరుతోంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు ఈసారి కోత ముందుకు జరపమంటున్నారు. వారానికొకసారి తోటలన్నీ తిరిగి చూడాలి. నేను లేకపోతే కూలీలు పక్క మేస్త్రీ దగ్గరకు పోతారు.

రాష్ట్రం పోటీల్లో నువ్వు చివరి రౌండులో ముగ్గురిని దాటినప్పుడు నేను గోడ అవతల నిలబడి చూశాను. లోపలికి వస్తే నాకు గుండె ఆగిపోతుందేమోనని రాలేదు. ఆ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. పరుగు ఎక్కడికీ పోదు తల్లీ. ఇంకొంచెం ఓర్చుకో. నా కోసం అనుకో.

నాయన


కొత్తిండ్లు
21 ఏప్రిల్ 2025

నాయనా,

నేను పోయిన బుధవారం మామను సూటిగా అడిగాను. ఒంటికాలి మీద గెంతుకుంటూ ఆయన కట్టు సామాన్లు పెట్టుకునే గది దాకా వెళ్ళాను. "మామా, నా ఎముక నిజంగా చిట్లిందా" అన్నాను. ఆయన వెదురు బద్ద చెక్కుతున్నాడు. కత్తి పక్కన పెట్టాడు. బీరువా తెరిచి నీ ఉత్తరం తీసి నా ఒళ్ళో పెట్టాడు.

నువ్వు ఏం రాశావో నీకు గుర్తుండే ఉంటుంది. అయినా రాస్తాను, నీ అక్షరాలను నేను ఎన్నిసార్లు చదివానో నీకు తెలియాలి. "బావా, బిడ్డ నా మాట ఇనదు. పరుగెత్తొద్దంటే ఎందుకంటాది. ఎందుకో నేను చెప్పలేను. నీ చేతిలో విద్య ఉండాది. ఏదన్నా సిన్న దెబ్బ తగిలినప్పుడు ఎముక సిట్లిందని చెప్పి కట్టు కట్టు. కానుపు అయ్యేదాకా కాలు కింద పెట్టనీయొద్దు. ఈ మాట మన ఇద్దరి మధ్యనే ఉండాల."

ఈ ఉత్తరానికేనా నేను నీ చేతులకు దండం పెట్టింది?

మామ తల ఎత్తలేదు. "నలభై ఏండ్లు. ఎముక ఇరగని కాలికి కట్టు కట్టింది ఇదే మొదలమ్మా" అన్నాడు. మరి విప్పు మామా అన్నాను. "మీ నాయనకు మాట ఇచ్చినాను. కట్టమన్నోడు ఇప్పమంటే ఈ గడియలో ఇప్పుతా" అన్నాడు. ఆయన వసారాలో ఒక నియమం ఉంది. కట్టిన చెయ్యే విప్పాలి. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళు కట్టు కోసుకుంటే ఆ మనిషిని మళ్ళీ ముట్టుకోడు. సొంత కోడలు కోసుకుందంటే, నమ్మి వచ్చి కూర్చునేవాళ్ళ ముందు ఆయన ముఖం ఎట్లా పెట్టుకుంటాడు?

ఆదివారం బాలచంద్రకు చెప్పాను. పాపం అతనికి అప్పటిదాకా తెలియదు. అంతా విని, "ఇంక మూడు నెల్లే కదా" అన్నాడు. అతన్ని నేను కొట్టనందుకు నన్ను మెచ్చుకోవాలి.

కత్తెర మామ సామాన్ల గది గూట్లోనే ఉంది. అంత దూరం గెంతగలను, కోయగలను. కోయను. మామ కోసం కొంత, అంతకంటే నీ కోసం. కట్టించింది నువ్వు. విప్పించాల్సింది నువ్వే. నన్ను పరుగెత్తించిన మనిషే నన్ను కట్టేశాడని తెలిశాక కూడా, నువ్వే విప్పుతావని ఎదురుచూస్తున్నాను. ఒక్క మాట రాయి. విప్పమని.

అమల


బంగారుపాళ్యం
30 ఏప్రిల్ 2025

అమలకు,

ఈ ఉత్తరం నువ్వు మాత్రమే చదువు. నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. గూట్లో పెట్టాను.

గురవమ్మకు మొదటి బిడ్డ నువ్వు కాదు. నీకంటే ముందు ఒక మగబిడ్డ. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట. నేను కొత్తగా మేస్త్రీ అయ్యాను, మొదటి కోత. మనుషులు దొరకలేదు. ఆమెకు ఎనిమిదో నెల. చెట్టు దగ్గర నుంచి ట్రాక్టరు దాకా బుట్ట మోసేది. వద్దన్నవాళ్ళు ఉన్నారు. నేను అనలేదు. మూడో రోజు బుట్ట దించి అక్కడే కూలబడింది. చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి బిడ్డ పోయాడు. చేతిలో పెట్టారు. వేళ్ళకు గోళ్ళు కూడా ఉన్నాయి.

ఆ బుట్టే చంపింది. మోయించింది నేను. ఆ తర్వాత నువ్వు కడుపులో పడ్డప్పుడు గురవమ్మను తొమ్మిది నెలలు గడప దాటనివ్వలేదు. నువ్వు బతికావు. నాకు తెలిసింది అంతే. డాక్టరమ్మ చెప్పేది వేరే కావచ్చు. నాకు ఆ బిడ్డ గోళ్ళు కనిపిస్తాయి.

నువ్వు అడిగిన మాట రాయలేను. నీ బిడ్డ భూమ్మీద పడి ఏడిచిన తర్వాత వచ్చి నా ముఖాన ఉమ్మెయ్యి, తుడుచుకుంటాను. అప్పటిదాకా బావకు రాయను. నన్ను తిట్టుకుంటూనైనా కూర్చో.

నాయన


తిరుపతి
18 మే 2025

నాయనా,

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. ముందే చెబుతాను, బిడ్డ బాగుంది. నేనూ బాగున్నాను. ఇక నిదానంగా చదువు.

అమ్మ గురువారం పొద్దున ఒక్కతే వచ్చింది. చిత్తూరులో బస్సు మారింది, దారిలో ఎవరినీ అడగలేదట. నువ్వు గూట్లో పెట్టిన నా ఉత్తరం తీసుకుపోయి అంగడి నడిపే పాల్ అనే ఆయన చేత చదివించుకుంది. నీ ఉత్తరం నేను చదివి వినిపించాను. నన్నే చదవమన్నావు, కానీ అది ఆమె బిడ్డ గురించి రాసిన ఉత్తరం.

ఆ పొద్దున నాకు ఇంకో భయం ఉంది. ముందు రోజు సాయంత్రం నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు. ఎప్పుడూ కాఫీ తాగగానే తన్నేది, తన్నలేదు. అత్తకు చెబితే, "ఎండకు మబ్బుగా పండుకోనుంటాది, సాయంత్రం దాకా సూద్దాం" అంది. బాలచంద్ర షిఫ్టులో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. అదే మాట అమ్మకు చెప్పాను. అమ్మ ముఖం మారిపోయింది. సంచి కింద పెట్టి నా పక్కన కూర్చుంది.

"మీ నాయన నీకు సగమే రాసినాడు" అంది. "బుట్ట మోసింది నిజమే. బుట్టకు ముందే బిడ్డ కదలడం నిలిచిపోయినాది. రెండు దినాలు. తోటలో ట్రాక్టరు కాడికి పోయి చెప్పినాను, ఏమయ్యా, కడుపులో బిడ్డ కదల్లేదు, ఆసుపత్రికి పోదామని. ఈ లోడు పోనీ, రేపు సూద్దాం అన్నాడు. రేపటికి నేను కూలబడినాను." ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే అని అడిగాను. "ఎవురూ అడగలేదు" అంది.

తర్వాత లేచి, మామ సామాన్ల గదిలోకి వెళ్ళి, కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. కోసింది నేనే. తెల్లసొనకు గుడ్డ అట్ట కట్టిపోయి కత్తెరకు తెగడం లేదు, రెండు చేతులతో కోశాను. లోపల ఉన్న కాలు నాదని నేను గుర్తుపట్టలేదు నాయనా. పదేళ్ళు పెంచుకున్న పిక్క మూడు నెలల్లో కరిగిపోయింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నిలబడ్డాను.

వసారాలో పన్నెండు మంది ఉన్నారు. అందరూ చూశారు. మామ ఒకాయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. వదల్లేదు. నా కాలి వైపు చూసి, "మడమ ముందు పెట్టొద్దు. అడుగు మొత్తం పరిచి పెట్టు, నిదానంగా పో తల్లీ" అన్నాడు. అత్త ఏదో అనబోతే ఆయనే ఆగమన్నాడు.

ఇంటి నుంచి రోడ్డుకు నాలుగు వందల మీటర్లు. ఒకప్పుడు అది నాకు డెబ్బై సెకన్ల పని. అమ్మ భుజం పట్టుకుని పావుగంట నడిచాను. ఎస్తేరు ఆటో పిలిచి పెట్టింది. తిరుపతి దాకా అమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టుకునే కూర్చుంది.

డాక్టరమ్మ పొట్ట మీద మిషన్ పెట్టి అటూ ఇటూ జరిపింది. మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత వినిపించింది. గట్టిగా, వేగంగా. అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఊహ తెలిసిన తర్వాత ఆమె ఏడవడం నేను చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఏడుపు అది.

షుగర్ బాగా పెరిగిందట, దానివల్ల బిడ్డ మందగించి ఉండొచ్చు, ఇంకా ఆలస్యం చేయకుండా రావడం మంచిదైంది అంది డాక్టరమ్మ. ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉంచుతారు. తిన్న ప్రతిసారీ వరండాలో గోడ పట్టుకుని నడుస్తున్నాను. నిన్న మూడు రౌండ్లు, ఈ రోజు అయిదు.

మొదటి కాన్పుకు పుట్టింటికి రావాలంటారు. నేను బంగారుపాళ్యం రాను. కొత్తిండ్లకూ పోను. నిర్మలమ్మ మేడం తన ఇంట్లో వెనక గది ఇచ్చింది, ఇక్కడికి నడిచి వచ్చేంత దూరం. అమ్మ నాతోనే ఉంటుంది. బాలచంద్ర నిన్న వచ్చాడు, ఈసారి ఎవరు ముందు మాట్లాడతారా అని చూడలేదు, మందులు తెచ్చి పెట్టి నాతో పాటు నడిచాడు.

నీ బాధ నాకు తెలియక కాదు. ఆ బిడ్డ నాకూ అన్నే. కానీ నువ్వు చెబుతున్న భయం నిజమే అయితే, అమ్మను అడిగి ఉండేవాడివి. నన్ను అడిగి ఉండేవాడివి. మా ఒళ్ళలో ఏం జరుగుతోందో మేము చెబుతూనే ఉన్నాం, నువ్వు లోడు పోనీ అంటూనే ఉన్నావు. నిన్ను చూడాలని ఉందో లేదో నాకే తెలియడం లేదు.

అమల


బంగారుపాళ్యం
25 మే 2025

అమలకు,

ఆ రోజు గురవమ్మ అట్లా చెప్పినట్టు నాకు గుర్తు లేదని రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు పాడుచేశాను.

గుర్తుంది. నేను ట్రాక్టరు చక్రం కింద రాయి పెడుతున్నాను. ఆమె వెనక నిలబడి చెప్పింది. నేను తిరిగి చూడలేదు. చూడకుండానే ఆ మాట అన్నాను. తర్వాత తప్పంతా బుట్ట మీద వేసి బతికాను. బుట్ట ఎదురు చెప్పదు. నీకు రాసిన ఉత్తరంలో కూడా అదే రాశాను. రాసేటప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు.

నిన్న బావ ఇంటికి వెళ్ళాను. వసారాలో కూర్చున్నవాళ్ళందరి ముందు, అమల కాలికి ఏమీ కాలేదని, ఆ కట్టు కట్టించింది నేనని, మునివెంకటప్ప చేతిలో తప్పు లేదని చెప్పాను. బావ నాకు మంచినీళ్ళు ఇచ్చాడు.

తిరుపతి బస్సు బావ ఇంటి దారి కలిసే రోడ్డు మీద నుంచే పోతుంది, అక్కడ నిలబడ్డాను. రెండు బస్సులు వచ్చాయి. ఎక్కలేదు. మీరు రమ్మనలేదు కదా.

నేను రావచ్చా వద్దా, గురవమ్మను కూడా అడిగి రాయి. ఆమె వద్దంటే, ఎందుకని అడగను.

మునెయ్య